రూబీ చాప కింద పుదీనా

ఆగండి, కదలకండి! చెవిపెట్టి వినండి. గచ్చు కింద ఏదో సరసరమని పాకుతోంది కదా? అది నా పుదీనా!

క్రిస్మస్ పలావుకి ఆకులు కోసుకున్నాక, మిగిలిన కాడల్ని నేనే చీపురుపల్లిలో మా ఇంటి నూతి పక్కన గుచ్చాను. "ఒరే, కుండీలో ఎయ్‌రా! నేల్లో ఎడితే ఇల్లంతా పాకిపోతాది," అని జ్ఞానసుందరి అత్త మొత్తుకుంది. నేను వింటేగా! వేసవి రాకముందే పెరడంతా పచ్చటి తివాచీ! ఎంత మురిసిపోయానో!

తీరా అది గుమ్మం దాకా వచ్చేసరికి, ఈ సాయంత్రం దాన్నంతా పీకిపారేశాను. అత్త పకపకా నవ్వింది.

"పీకినావేటి? తెంపినావు. ముక్క ఎక్కడుండిపోతే అక్కడే మొలుస్తాది, సూడు."

ఇప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. గదిలో అప్పుడే నలిపిన పుదీనా వాసన! ఫోను లైటు వేశాను. గచ్చు పగుల్లోంచి ఒక తీగ పైకొచ్చి, మా చెల్లి రూబీ పడుకున్న చాప కిందుగా పాకింది. దాని కొస రూబీ చెవిలోకి దూరి ఉంది.

నిద్రలోనే రూబీ నవ్వింది. "అన్నియ్యా, లోపల సల్లగా ఉన్నాది," అంది.

తీగ నా చేతిలో ఉంది. లాగితే తెగుతుంది. వదిలేస్తే పాకుతుంది. మీరైతే ఏం చేస్తారు?