ఎదురు షాపు పొట్లం

జ్వరంతో మూలుగుతున్న మనిషి షాపు మెట్ల దాకా వచ్చాడు. ఒక్క క్షణం ఆగాడు. రోడ్డు దాటి ఎదురు షాపులోకి వెళ్ళిపోయాడు.

కత్తెరాయనకి ఒళ్ళు భగ్గున మండింది.

మాత్రల స్ట్రిప్పును టకటకా రెండేసి చొప్పున కత్తిరించి ఇస్తాడని ఆయనకా పేరు. పాతికేళ్ళుగా ఆ వీధి మొత్తానికీ ఆయనదొక్కటే మందుల షాపు. పోయినేడు ఎదురుగా ఓ పెద్దాయన దుకాణం తెరిచాడు. ఎక్కడో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడట. రంగుల బోర్డు లేదు, అద్దాల బీరువాలు లేవు. జ్వరమన్నా, జలుబన్నా మూడు గొట్టం మాత్రలు తెల్ల కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. ప్రతి పొట్లం మీదా ఎర్ర సిరాతో అవే మాటలు రాస్తాడు: "రోజుకొకటి. నీళ్ళు బాగా తాగాలి. మూడో రోజుకీ తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి."

"ఆసుపత్రికి పంపేవాడు షాపెందుకు పెట్టినట్టు?" అని కత్తెరాయన పగలబడి నవ్వాడు.

నెల తిరక్కుండానే ఆ నవ్వు ఎండిపోయింది. పొట్లాలాయన దగ్గరికి వెళ్ళినవాళ్ళ జ్వరాలు తగ్గుతున్నాయి. నోరు పూయడం లేదు, కడుపు గడబిడ లేదు. పిల్లలకి గొట్టం విప్పి పొడి నాలుక మీద వేస్తే మారాం చేయకుండా మింగుతున్నారట.

"ఏదో ఘాటైన పొడి కలుపుతున్నాడు," అన్నాడు భార్యతో. "లేకపోతే మూడు మాత్రలకి జ్వరం దిగడమేమిటి?"

"మనిషి నెమ్మదస్తుడటండీ. కూర్చోబెట్టి, ఎన్నాళ్ళనుంచి ఏమిటని అన్నీ అడుగుతాడట."

"నేను అడగనా?"

"మీకు ఆ కత్తెర చప్పుడులో వినబడితేగా!"

వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఇక పంతం పట్టాడు. మామూలు మందులు వెనక్కి నెట్టి బలమైనవి తెప్పించాడు. అవి చాలవనిపించి ఇంకా బలమైనవి తెప్పించాడు. పెద్దాసుపత్రుల్లో ఏ మందూ పనిచేయనప్పుడు మాత్రమే బయటికి తీసే రకం కూడా చివరికి ఆయన కౌంటరు మీదికొచ్చేసింది. తుమ్మితే రెండు, దగ్గితే రెండు. "పొద్దుటికల్లా లేచి తిరుగుతావు, పో!" అనేవాడు. పూర్తిగా ఎన్ని రోజులు వాడాలో ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

అయిదేసి మాత్రల స్ట్రిప్పుల కొసల్లో ఒంటివి మిగిలిపోయేవి. పేరూ తేదీ తెగిపోయాక వాటినెవరు కొంటారు? పారేయడానికి మనసొప్పక ఆయన భార్య ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో వేసేది. ఒళ్ళు వెచ్చబడితే ఒకటి, నడుం లాగితే ఒకటి. మందుల షాపాయన పెళ్ళాం అయివుండి ఆ మాత్రం వైద్యం తెలియదా!

ఈమధ్య ఆమెకి మూత్రంలో మంట, చలిజ్వరం పట్టుకున్నాయి. డబ్బా సగం ఖాళీ అయింది గానీ జ్వరం దిగలేదు. మూడో రోజున తనే పట్టుబట్టి ఆసుపత్రిలో చేరింది.

నాలుగు రోజులకి డాక్టరమ్మ ఆయన్ని వరండాలోకి పిలిచింది.

"క్రిమి రక్తంలోకి పాకింది. ల్యాబులో దాని మీద పన్నెండు మందులు పెట్టి చూశాం, దేనికీ చావడం లేదు. బ్రహ్మాస్త్రంలా దాచుకునేవాటికి కూడా! ఇంకొక్కటే మిగిలింది. దానితో కిడ్నీలు దెబ్బతినొచ్చు. పనిచేస్తుందని మాటివ్వలేను."

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. "అలా ఎలా అవుతుందమ్మా?"

"మందు అరకొరగా పడితే బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగులుతాయి. అవి పెరగడమే కాదు, ఆ మొండితనాన్ని పక్కవాటికీ అంటిస్తాయి." ఆమె లోపలికి నడిచి మంచం దగ్గర వంగింది. "ఇక్కడికి రాకముందు ఏం వాడారమ్మా?"

"మా ఇంట్లో డబ్బా ఉందండీ, అందులోవే..." అంది ఆమె నీరసంగా.

"నువ్వూరుకో! అవన్నీ మంచి కంపెనీ మందులు," అని కసిరాడు. భార్య అడిగిన కళ్ళజోడు కోసం ఆమె చేతిసంచిలో చెయ్యి పెట్టాడు. చేతికి ఏదో కాగితం తగిలింది.

తెల్ల పొట్లం. ఎర్ర సిరా. లోపల ఒకే ఒక్క గొట్టం మాత్ర మిగిలుంది. చుట్టూ చీమలు.

ఆయన కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. కట్టుకున్న పెళ్ళాం! తన కళ్ళుగప్పి, రోడ్డు దాటి, వాడి దగ్గరికా!

"రెండే వేసుకున్నానండీ," అంది ఆమె. "చెబితే గొడవ చేస్తారని..."

ఆయనకి ఆ మాట వినబడలేదు. మంటతో పాటే లోపలెక్కడో ఒక చల్లని సంతోషం పాకింది. దొరికాడు దొంగ. ఇన్నాళ్ళకి దొరికాడు. ఆ నిమిషంలో ఆమె జ్వరం సంగతి కూడా మరిచిపోయాడు.

చీమల్ని దులిపి పొట్లాన్ని డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. "చూడండి! వీధి వీధినంతా పాడు చేస్తున్న విషం ఇదే. నా భార్యనీ పొట్టన పెట్టుకుంటున్నాడు. పరీక్ష చేయించండమ్మా, వాడి షాపుకి తాళం పడాలి."

మర్నాడు పొద్దున ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. డాక్టరమ్మ చేతిలో కాగితం చూడగానే ఎదురెళ్ళాడు. భార్యకెలా ఉందని కూడా అడగలేదు.

"తేలిందా అమ్మా, వాడిచ్చిన మందేమిటో?"

"పొట్లంలో ఉన్నది ఉత్త గ్లూకోజు పొడండీ," అంది డాక్టరమ్మ, "ఇక మీ ఇంట్లో ఆ డబ్బా తెప్పించండి."