కుంటి పుంజు కూత

పక్కింటి టాప్లిస్ మళ్ళీ వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే లోపలి హాల్లో పాట ఆగిపోయింది.

"మేవిస్ గారూ, ఏమీ అనుకోకండి. ఈ శుక్రవారం పాటలు మా పడగ్గదిలోకి..."

"సారీ అండి," అంది పబ్బు యజమానురాలు మేవిస్, ఆయన మాట పూర్తి కాకుండానే.

"అయ్యో, మీరెందుకండీ సారీ. నేనే సారీ."

"లేదు లేదు, తప్పు మాదే. సారీ."

మా షెఫీల్డ్‌లో రెండు వైపులా సారీలు అయిపోయాక ఇంకా మాట పొడిగించడం మర్యాద కాదు. టాప్లిస్ అర గ్లాసు బీరు నిలబడే తాగి వెళ్ళిపోయాడు. ఇంట్లో భార్య మంచం పట్టి ఉంది. ఎక్కువసేపు వదిలి ఉండలేడు.

"పాపం, జబ్బు మనిషి. ఆవిడకి కునుకు పట్టొద్దూ," అంది మేవిస్.

"మరి పబ్బు పక్కన ఇల్లెవడు కొనమన్నాడు?" అన్నాడు డ్రమ్ములు వాయించే బాజ్.

న్యాయమైన ప్రశ్నే. కుంటి పుంజు పబ్బు మేవిస్ ముత్తాత నాటిది. పక్కన కత్తులూ చెంచాలూ చేసే ఫ్యాక్టరీ ఉన్నంతకాలం, ఆ సుత్తుల మోతలో మా పాటలు మాకే వినబడేవి కావు. ఎవడూ కిక్కురుమనలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీ కూలగొట్టి ఫ్లాట్లు లేపారు. వాటి పేరు మెలొడీ కోర్ట్. 'సంగీతం మీ గుమ్మంలోనే' అని బోర్డు పెట్టి మరీ అమ్మారు. అమ్మిన బిల్డరే పబ్బులో పాటలు ఆపించాలని కౌన్సిల్ చుట్టూ తిరుగుతున్నాడు. ఈ స్థలం కూడా చేతికొస్తే రెండో బ్లాకు లేపొచ్చు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా.

అతగాడికి కావలసిందల్లా పక్కింటివాడి ఫిర్యాదు ఒక్కటి. అది పడితే పాటల లైసెన్సు పోతుంది. పాటలు పోతే కుంటి పుంజు గడప తొక్కేవాడుండడు. బీరు సూపర్ మార్కెట్లోనూ దొరుకుతుంది.

అందుకే మేవిస్ టాప్లిస్‌ని కొత్తల్లుడిలా చూసుకుంది. మరుసటి వారం డ్రమ్ముల మీద దుప్పటి కప్పించింది.

టాప్లిస్ వచ్చాడు. "మేవిస్ గారూ, పోయిన వారం కంటే ఈ వారం మరీ..."

"సారీ అండి. నాకొదిలేయండి, నేను చూసుకుంటాను."

"అమ్మయ్య. చాలా థాంక్సండీ. సారీ."

ఆవిడ గోడలకు పాత పరుపులు కొట్టించింది. గిటార్లకు కరెంటు తీసేయించింది. టాప్లిస్ ముఖం మాత్రం వారం వారం ఇంకా వాడిపోతోంది.

"వాళ్ళ కిటికీలకు మూడు పొరల అద్దాలు. అవి తెరుచుకోను కూడా తెరుచుకోవు. ఆయనవి చెవులా, గబ్బిలాలా?" అన్నాడు బాజ్. "పోనీ ఒకసారి కూర్చోబెట్టి అసలు సంగతేంటో అడగవమ్మా."

"ఛ, అలా అడిగితే ఏం బాగుంటుంది," అంది మేవిస్.

చివరికి బాజ్ పౌడరు అద్దుకునే కుచ్చులతో డ్రమ్ములు వాయించాడు. తాగుబోతుల పాటను జోలపాటలా పాడారు. జనం చప్పట్లు మానేసి చేతులు గాల్లో ఊపారు. కొత్తగా వచ్చినవాడొకడు, ఎవరు పోయారండీ అని అడిగి, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

ఆ సోమవారం కౌన్సిల్ నుంచి ఫోను. టాప్లిస్ ఫిర్యాదు చేశాడట.

"ఏమన్నాడండీ?" అంది మేవిస్.

"పక్క పబ్బు, శుక్రవారం పాటలు అన్నాడండీ. మిగతాది నేనే పూర్తిచేసి రాసేసుకున్నాను. మాకు రోజూ ఉండే గోలేగా. పెద్దమనిషి, సారీ చెప్పి ఫోను పెట్టేశాడు," అంది అక్కడి ఉద్యోగిని.

మేవిస్ కౌంటర్ వెనక కూర్చుని భోరున ఏడ్చింది. ముసలాడు ఈసారి వస్తే టోపీలో బీరు పోస్తానన్నాడు బాజ్. ముసలాడు మళ్ళీ రాలేదు.

విచారణ రోజు కౌన్సిల్ హాలు కిక్కిరిసింది. కుంటి పుంజులో ఏనాడూ గ్లాసు పట్టనివాళ్ళు కూడా 'మన పబ్బును కాపాడుకుందాం' అని రాసున్న చొక్కాలు వేసుకుని వచ్చారు. బిల్డరు లాయరు ముందు వరసలో, పెళ్ళివారి తరఫు మనిషిలా నవ్వుతూ కూర్చున్నాడు. మేవిస్ చేతిరుమాలు పిండేస్తోంది. ముత్తాత నుంచి వచ్చింది తన చేతుల్లోనే మూతపడబోతోందని ఆవిడ బాధ.

అధ్యక్షురాలు కాస్త కఠినమైన మనిషి. "ఫిర్యాదు చేసినాయన మాట్లాడుతుంటే మధ్యలో ఎవరు నోరు విప్పినా బయటికి పంపిస్తాను. సారీ చెప్పడానికైనా సరే," అంది.

టాప్లిస్ లేచాడు. టోపీ చంకలో పెట్టుకున్నాడు. మేవిస్ అందుకుంటుందేమోనని అలవాటుకొద్దీ ఆవిడ వైపు చూసి ఆగాడు. మేవిస్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారీ అండి, మంచం మీంచే పాటలు వినొచ్చని మా ఆవిడ పట్టుబట్టి ఆ ఫ్లాటు కొనిపించింది, తీరా చూస్తే ఒక్క ముక్క వినబడదు, చెబుదామని వెళ్ళినప్పుడల్లా వీళ్ళు ఇంకా తగ్గించేస్తున్నారు, కాస్త గట్టిగా పాడమని చెప్పండి."