కుంకుడు నురగ

కొండంత తేనెపట్టును ఒక్క లాగు లాగి నెత్తిన బోర్లించుకున్నాడు భల్లయ్య ఎలుగుబంటి. ఒళ్లంతా జిగురు, జిగురంతా చీమలు! ఆ మంటలో కుంకుడుకాయలు పళ్లనుకుని గుప్పెడు నమిలి, మూడు కొండల అవతలి పులి ఉలిక్కిపడేలా ఉమ్మాడు.

“ఇంత చేదా! ఈ చెట్టును పెకలించేస్తా!”

“వద్దు మామా! మా తాత నాటింది!” అని కొమ్మ మీది ఉడుత మొత్తుకుంది.

భల్లయ్య చెట్టును వాటేసుకుని ఊపాడు. నోట్లో మిగిలిన కుంకుడు రసం నురగై పొంగి, మబ్బు దిగినట్టు రొమ్ము మీదికి జారింది. జారినచోటల్లా చీమలు కొట్టుకుపోయాయి. జిగురు వదిలి బొచ్చు నిగనిగలాడింది.

భల్లయ్య ఊపడం మానేశాడు. చెట్టును మాత్రం వదల్లేదు.

“గింజ నాటితే ఎప్పటికి కాస్తుందే?” అన్నాడు మెల్లగా.

“నీకు మనవలు పుట్టాలి మామా.”

“వాళ్లూ తేనె తింటారుగా!” అంటూ గోళ్లతో గుంట తవ్వసాగాడు.