తలుచుకోకూడని తెగులు

"ఆ ఇంజను ఆపించండి బావగారూ, చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని అరిచాడు పల్లంరాజు.

"నోర్ముయ్," అన్నాడు జగన్నాథరాజు. రొయ్యల చెరువులోంచి మేత చూసే చెక్ ట్రే పైకి లాగి, ఓ రొయ్యను వేళ్ళ మధ్య పట్టుకుని, దాని తలపెంకు ఎండకేసి తిప్పి చూశాడు. మచ్చ లేదు. అయినా నమ్మకం కుదరక ఇంకోటి తీశాడు.

ఆ ఏడు భీమవరం చుట్టుపక్కల చెరువులన్నిటినీ తెల్లమచ్చ తెగులు ఊడ్చిపెట్టేస్తోంది. జగన్నాథరాజుకి మిగిలింది ఈ ఒక్క చెరువే. ఇదీ పోతే రాజుగారు ఇంకొకళ్ళ గట్టు మీద కాపలా కాయాల్సిందే. అందుకే తన గట్టు మీద ఆ తెగులు పేరెత్తితే తంతానన్నాడు. పనివాళ్ళు నోళ్ళు కట్టుకున్నారు. ఆయన బుర్రే మాట వినలేదు. అనుకోకూడదనుకున్నకొద్దీ అదే. అన్నం కలిపినా అదే, కళ్ళు మూసినా అదే. గుబులు పుట్టినప్పుడల్లా ఇంజను వేయించి, కాలువలోంచి చెరువులోకి కొత్తనీళ్ళు తోడించేవాడు. ఇంటి మొహం చూసి వారం దాటింది.

బావమరిది మాత్రం క్యారేజీ పక్కన పెట్టుకుని హాయిగా ఈల వేస్తున్నాడు. ఆ ఈలకి జగన్నాథరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అక్క చేపల పులుసు పంపిందండి. తినండి. దాని గురించి ఆలోచించకండి."

"మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్నాట్ట నీలాంటోడే! మానడం నా చేతిలో ఉంటే ఈపాటికి మాననా?"

"నేను మానేశానుగా. నాకు వద్దనుకుంటే వద్దంతేనండి. పడుకుంటే తెల్లారిపోవడమే."

జగన్నాథరాజు ట్రే విసిరికొట్టి, పల్లంరాజు చొక్కా పట్టుకుని లేవదీశాడు.

"సిగ్గు లేదురా నీకు? ఒకే కాలువ మీద ఎగువన నీ చెరువు, దిగువన నాది. నాకిక్కడ ముద్ద దిగట్లేదు, నువ్వు ఈలలేస్తున్నావ్! నీ చెరువుకి రాదని ఏ దేవుడొచ్చి చెప్పాడ్రా?"

"రాకపోవడమేంటండి, వచ్చింది," అన్నాడు పల్లంరాజు, కాలరు సర్దుకుంటూ. "పోయిన ఆదివారమే. నీళ్ళన్నీ కాలువలోకి వదిలేసి, ఇక ఆ ఊసే తలుచుకోకూడదని ఒట్టేసుకున్నాను. మీరడిగేదాకా గుర్తే లేదండి."