గోడ అవతలి డ్రమ్ములు

సవరమ్మ ఇచ్చిన అర్జీని గోదాములు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ నాగచైతన్య చదవకుండానే తిరిగి ఆమె ముందుకు జరిపాడు.

“ఒకటో తారీఖు నుంచి థిన్నర్ గోదాములు మా డిపార్ట్‌మెంట్ కింద లేవమ్మా. వేరే ఆఫీసుకు మార్చిన్రు.”

“ఆడికి పోయే వస్తున్న సారూ. ఫైళ్లు మీరింకా పంపలేదన్నరు.”

“పంపుతం. అప్పటిదాంక నేను పోయి తాళం తియ్యమన్నా వాళ్లు తియ్యరు. నాకు అధికారం లేదు.”

భద్రాచలం రోడ్డు పక్క గూడెంలో సవరమ్మ అంగన్‌వాడీ టీచర్. గోదాముకూ అంగన్‌వాడీకీ మధ్య ఒకటే గోడ. రంగుల్లో కలిపే ఆ థిన్నర్ ఘాటుకు పిల్లలు అన్నం ముట్టడం లేదు. పోయిన వారం నుంచి, నిప్పురవ్వ పడితే భగ్గుమనే ఆ డ్రమ్ముల పక్కనే వెల్డింగ్ పని కూడా నడుస్తోంది.

“మీ పాపనైతే ఆ గదిల కూసోబెడ్తరా సారూ?” అని నెమ్మదిగా అడిగింది.

అతను అర్జీని మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. “పిల్లలెంతమంది?” అన్నాడు.

“ఇరవై ఇద్దరు.”

“రేపటిదాంక ఆగకమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “నేను చెప్పిన్నని మాత్రం అనకు.”

ఇన్నాళ్లూ ఇతను ప్రమాదం తెలియక ఊరుకున్నాడనుకుంది. తెలిసే ఊరుకున్నాడు. ఇక ఎవరూ రారు.

ఆటో దిగుతూనే ఆయాతో కలిసి పిల్లలందరినీ గూడెం అవతలి చివరనున్న చర్చిలోకి మార్చింది. అంతలో సూపర్‌వైజర్ ప్రసూన ఫోన్ చేసింది.

“సెంటర్ మార్చనీకి నీకు పర్మిషన్ ఎవరిచ్చిన్రు? ఉద్యోగం పోతది, తెలుసా?”

“ఇచ్చేటోళ్లు ఎవరూ లేరు మేడం.”

ఫోన్ పెట్టేసి, చుట్టుపక్కల ఇళ్లు కూడా ఖాళీ చేయించాలని గోదాముకు ఆనుకుని ఉన్న మొదటి ఇంటి తలుపు కొట్టింది.