మూడోవంతు ఈథర్

"ఈసారి కిరసనాయిలు తగ్గించి ఆముదం పెంచాను. ఇంకెందుకు స్టార్ట్ కాదో చూస్తాను," అంటూ ఆయన బొమ్మ విమానానికి బిగించిన పిడికెడంత ఇంజన్ రెక్కను వేలితో లాగి వదిలాడు.

రెక్క ఒక్క చుట్టు తిరిగి ఆగింది. అంచు తగిలి వేలు మళ్లీ చిట్లింది.

"ఇటివ్వండి, దూది పెడతాను," అంది భార్య.

"వేలు సంగతి తర్వాత. పాళ్లు ఎక్కడ తప్పుతున్నాయంటావు?"

"నాకేం తెలుసండీ."

ఆమెకు బాగా తెలుసు. ఈ బుల్లి డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గూ గిగ్గూ ఉండవు. కిరసనాయిలు, ఆముదం, ఈథర్ తలో వంతు కలిపి పోస్తే ముందు అంటుకునేది ఈథరే. సీసా మూత వదులైతే అది గాల్లో కలిసిపోతుంది. ఆయన స్నానానికి వెళ్లగానే రోజూ ఆ మూత వదులు చేస్తున్నది ఆమే.

ఇరవై రోజుల క్రితం ఆసుపత్రిలో, తెర అవతల ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, డాక్టరు ఆమెను గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"విమానానికి కట్టిన తీగలు పట్టుకుని, దాంతో పాటు గిరగిరా తిరుగుతారటగా. ఇక అది కుదరదమ్మా. పడితే లేవరు."

"వద్దంటే వినే మనిషి కాదండీ."

"ఎలాగో ఒకలా ఆపండి."

నలభై ఏళ్ల కాపురంలో ఆయన్ను దేనికీ వద్దన్న పాపాన పోలేదామె. అందుకే మూత జోలికి వెళ్లింది.

మందుల షాపుల వాళ్లు ఈథర్ అమ్మడం మానేశారు. ఆయన కాళ్లరిగేలా తిరిగి సంపాదించిన సగం సీసా అది. అది పనిచేయకపోయేసరికి, లారీలను చలిలో స్టార్ట్ చేసే ఈథర్ స్ప్రే తెచ్చి గ్లాసులోకి కొట్టాడు. ఆమె ఆ గ్లాసును కిటికీలో ఎండకు పెట్టింది. డీజిల్ కలిపాడు, పెట్రోలు కలిపాడు. ఇంజన్ మొండికేసింది.

ఆదివారం పోటీకి వస్తున్నావా అని బొమ్మ విమానాల క్లబ్బు వాళ్లు ఫోన్ చేస్తే మాత్రం, "ఇంధనం కుదరనీ, కప్పు నాదే," అనేవాడు.

శనివారం పొద్దున మూడు వేళ్లకు కట్లతో, విమానాన్ని ఒళ్లో పెట్టుకుని దుమ్ము తుడుస్తూ కనిపించాడు. ఆమె తెలిసిన కాలేజీ ల్యాబ్ అసిస్టెంటును బతిమాలి కొత్త సీసా తెచ్చి, మూత బిగించి ఇచ్చింది. పడబోతే పట్టుకోవడానికి పక్కనే నిలబడదామనుకుంది.

ఆయన సీసా వంక చాలాసేపు చూశాడు.

"ఎక్కడిది?"

"అడిగితే ఇచ్చారు. కలపండి."

కలిపాడు. ఇంజన్ రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. పదిసార్లు లాగినా అంతే.

"దీని పనైపోయింది. ఇక నా వల్ల కాదు," అని విమానాన్ని గోడకు తగిలించి పడుకున్నాడు.

తన పిచ్చిపని వల్లే ఇంజన్ పాడైందని ఆమె వంటింట్లో కుమిలి కుమిలి ఏడ్చింది. సాయంత్రం ఆయనకు తెలియకుండా విమానాన్ని సంచిలో వేసుకుని, క్లబ్బులో ఆయన స్నేహితుడైన వాచీల మెకానిక్ దగ్గరికి వెళ్లింది. అతను కంటికి భూతద్దం తగిలించుకుని, ఇంజన్ విప్పి, పట్టకారుతో ఏదో బయటికి లాగాడు.

"ఇంజన్ నిక్షేపంలా ఉంది వదినా. ఇంధనం వెళ్లే గొట్టంలో ఈ అగ్గిపుల్ల ముక్క ఉంది. ఆముదంలో నాని ఎలా నల్లబడిందో చూడండి, ఓ ఇరవై రోజులుగా ఉండుంటుంది. ఇదుండగా ఎంత మంచి ఈథర్ పోసినా, స్టార్టింగ్ కోసం పైన వేసిన నాలుగు చుక్కలకు తుమ్మి ఊరుకుంటుంది."

"పొరపాటున పడిందా అన్నయ్యా?"

"చాకుతో చెక్కి, కొలత చూసి దూర్చారు. ఇంటికి పిల్లలెవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు. మేమిద్దరమే."

ఇన్నాళ్లూ ఆ ఇంజన్‌ను ముట్టుకున్నది ఆయనొక్కడే.