తాండూరులో ఓడ కూత

యాకోబు అందించిన హెడ్‌ఫోన్లను రచన నవ్వుతూ పక్కన పెట్టేసింది. వయొలిన్ ఎత్తుకుని, కమాను నాలుగుసార్లు లాగి ఆపేసింది.

"ఈ గదిల నాకేం తగుల్తలేదు," అంది భర్త వైపు తిరిగి. "పోదాం పాండ్రి."

వికారాబాద్‌లో చర్చి పాటలు పాడేవాళ్లంతా యాకోబు స్టూడియోకే వస్తారు. కింద మెత్తటి తివాచీ, గోడల నిండా స్పాంజి, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆ గదికి వంక పెట్టిన మనిషిని అతను ఇంతవరకు చూడలేదు. అద్దం అవతల నుంచి మైకులో ఏదో నచ్చజెప్పబోయాడు. రచన తలైనా తిప్పకుండా వయొలిన్‌ను పెట్టెలో సర్దుకుంది.

"మేడమ్‌కు కోపమొచ్చిందా సార్?"

"కోపం కాదులే. ఏదన్నుంటె నాకు చెప్పు. ఆమెకు నేను చెప్త," అన్నాడు మహిధర్.

మహిధర్‌కు తాండూరులో బండల పాలిష్ యూనిట్ ఉంది. సంగీతం సంగతికొస్తే సరిగమలు కూడా వరసగా రావు. అతని ఫికర్ అంతా ఒకటే, భార్య ఆ పెట్టెను ఇక తెరవదేమోనని.

ఒకప్పుడు రచన కచేరీ అంటే హాలు నిండిపోయేది. గురువుగారు పోయిన ఏడే ఆమె కచేరీలు మానేసింది. నలుగురిలో కలవడం తగ్గించింది. పెద్దేముల్ పెళ్లిలో మేనత్త పిలుస్తుంటే పలక్కుండా వెళ్లిపోయిందని నొచ్చుకున్నవాళ్లున్నారు. దిగులు పట్టుకుందని సర్దిచెప్పినవాళ్లూ ఉన్నారు. దిగులు పట్టుకున్న మాట నిజమే.

సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని డెన్మార్కు, స్వీడన్ దేశాల నేరకథలు చూడటం మొదలుపెట్టింది. అన్నిట్లోనూ మంచు, మబ్బు. ఎవరో ఆడపిల్ల కనిపించకుండా పోతుంది. నిద్రలేని పోలీసమ్మ ఒకామె వెతుకుతూ ఉంటుంది. ఒక్కరూ నోరారా నవ్వరు. పక్కన కూర్చున్న మహిధర్‌కు సగంలోనే కునుకు పట్టేది.

"జర నవ్వు పుట్టేది ఏదన్నా పెట్టరాదు?" అన్నాడొకసారి ఆమె భుజం తట్టి.

"ఈ భాష మీకూ రాదు, నాకూ రాదు. ఇద్దరం కింద అక్షరాలు చదువుకునుడే. నాకదే నచ్చింది," అంది రచన.

ఒకరోజు తెర మీద గడ్డకట్టిన చెరువు, దాని ఒడ్డున ఒక తల్లి. రచన లేచి వెళ్లి అటక మీది వయొలిన్ దింపింది. ఆ సాయంత్రం మహిధర్ వంటింట్లోకి పోయి ఒక్కడే ఏడ్చాడు, సంతోషంతోనే.

నెలల తరబడి వాయించి వాయించి ఒక పాట కట్టింది. రికార్డు చేద్దామని ఆమే అంది. కానీ షరతు పెట్టింది. "ఇదొక్కటే. మధ్యల చెడితే పెట్టె మూసేస్త, మల్ల తెరువ. మీరు బతిలాడొద్దు. నా గురించి ఎవ్వరికీ ఏం చెప్పొద్దు. బాగుంటె వింటరు, లేకుంటె లేదు."

స్టూడియోలో కుదరలేదు గనక అమావాస్య నాడు, మిషన్లన్నీ బంద్ ఉన్నప్పుడు, మహిధర్ ఆమెను తన యూనిట్‌కు తీసుకెళ్లాడు. యాకోబు మైకులు మోసుకొచ్చాడు. షెడ్డులో అంతటా తెల్లటి రాతి పొడి. ఆ దేశాల మంచుకు మన తాండూరు బదులు అంతే మరి.

రచన చెప్పులు విడిచి బండల మీద నిలబడింది. శ్రుతి పెట్టెను తన పాదాల పక్కనే నేల మీద పెట్టించుకుంది. కాసేపు అలాగే నిలబడి, "ఇక్కడ తగుల్తుంది," అంది.

కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. అది ఏ రాగమో మహిధర్‌కు తెలియదు. తన తల్లి పోయిన రోజు ఇంట్లో ఆరని దీపం మాత్రం గుర్తొచ్చింది. 

పాట చివరికొస్తుండగా గేటు దగ్గర కరణ్‌కోట పోయే సిమెంటు లారీ హారన్ కొట్టింది. ఎంతసేపు కొట్టాడో మహానుభావుడు. యాకోబు తల పట్టుకున్నాడు.  అంతా చెడింది, ఇక పెట్టె మూసేస్తుంది అనుకున్నాడు మహిధర్.

కమాను వణకలేదు. పాట దాని దారిన అది పోయి, మెల్లగా ఆగింది. రచన కళ్లు తెరిచి, ఈ మధ్య అలవాటైనట్టే, ముందు మొగుడి మొహం చూసింది. అతని చెంపలు తడిగా ఉన్నాయి.

"ఎట్లుంది?"

"మంచిగుంది," అన్నాడు మహిధర్. "ఎక్కడా చెడలే."

ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లాక యాకోబు దగ్గరికొచ్చాడు. "గంత హారన్ మోగినా మేడమ్ ఆగలే సార్. వాయించుట్ల గంత మునిగిపోయినరు. హారన్ తీసేద్దామంటె రాదు. మల్లొక్కసారి వాయించుమనరాదు?"

"ఆ సంగతి ఆమె ముంగట ఎత్తకు. నీకు దండం పెడ్త."

పాట అలాగే బయటికొచ్చింది, హారన్‌తో సహా. ఎక్కడెక్కడివాళ్లో విన్నారు. పొగమంచులో ఓడ కూత వినిపించినట్టుందని, అక్కడే కన్నీళ్లు ఆగలేదని రాశారు. హైదరాబాద్ నుంచి రేడియోలో పనిచేసే జ్యోతిరాణి ఫోన్ చేసింది. ఎప్పటిలాగే ఫోన్ మహిధరే ఎత్తాడు.

"డెన్మార్కు, స్వీడన్ నేరకథల సీరియళ్లలో వచ్చే సంగీతంలాగే ఉంది. మేడమ్ అవి ఎన్నాళ్లు విన్నారండీ? అచ్చంగా ఆ దిగులే దింపేశారు."

మహిధర్ భార్య వైపు చూశాడు. రచన తెర మీది అక్షరాలు చదువుకుంటోంది. పోలీసమ్మ మంచులో ఒంటరిగా నడుస్తోంది. అవతల జ్యోతిరాణి "హలో, హలో" అంటోంది. 

రెండు చెవులూ పూర్తిగా వినపడటం మానేశాకే రచన ఆ సీరియళ్లు చూడటం మొదలుపెట్టింది.